రాప్టర్ పికప్‌తో కొలరాడో మంచులో తొలి శీతాకాలం: అరకు ఘాట్ అలవాట్లు అక్కడ ఎంతవరకు పనికివస్తాయి?

ఋషికొండ బాటసారి:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వచ్చే డిసెంబరులో నేను విశాఖపట్నం నుంచి అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి, డెన్వర్ నగరానికి వెళ్తున్నాను. అక్కడే చాలాకాలంగా స్థిరపడిన మా అన్నయ్య ఈ శీతాకాలమంతా ఇక్కడ అమ్మానాన్నల దగ్గర గడపబోతున్నాడు కాబట్టి తన ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ పికప్‌ను నా చేతికి ఇస్తానన్నాడు. ఇక్కడ నేను నడుపుతున్నది మన శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్. దాని 1.9 లీటర్ల డీజిల్ ఇంజిను 163 పీఎస్ శక్తిని, 360 న్యూటన్ మీటర్ల టార్కును ఇస్తుంది. రాప్టర్‌లోని 3.5 లీటర్ల జంట టర్బోల వీ6 పెట్రోలు ఇంజిను 450 హార్స్‌పవర్‌ను, దాదాపు 690 న్యూటన్ మీటర్ల టార్కును ఇస్తుందట. బండి బరువు 2,600 కిలోలకు పైమాటే.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు, వానాకాలంలో పాడేరు ఘాట్, లంబసింగి చుట్టుపక్కల ఎర్రమట్టి దారులు నాకు బాగా అలవాటే. భీమిలి వైపు ఇసుకలో కూరుకుపోయిన బండ్లను బయటికి లాగిన అనుభవమూ ఉంది. అయితే రోడ్డును కప్పేసిన మంచు మీద మాత్రం నేను ఎన్నడూ బండి నడపలేదు. డెన్వర్ నుంచి ఐ-70 రహదారి మీదుగా ఐసెన్‌హోవర్ సొరంగం దాటి ఫ్రిస్కో వరకు తరచుగా వెళ్ళవలసి ఉంటుంది.

ఇంత బలమైన బండి మంచులో నాకు సాయపడుతుందా, లేక కొత్తవాడి చేతిలో అదే ప్రమాదకరం అవుతుందా అన్నది నా ప్రధానమైన ప్రశ్న. ఇసుకలోనూ బురదలోనూ, ఘాట్‌లోనూ నేర్చుకున్న వాటిలో దేన్ని ఉంచుకోవాలి, దేన్ని వదులుకోవాలి? బండికి ఇప్పుడున్నవి 35 అంగుళాల బీఎఫ్‌గుడ్రిచ్ కేఓ2 ఆల్ టెరైన్ టైర్లు. అవి సరిపోతాయా, లేక ప్రత్యేకంగా శీతాకాలపు టైర్లు వేయించుకోవాలా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సీతమ్మధార వాసి:

బాటసారి గారూ, నేను కొన్నేళ్ళపాటు డెన్వర్ పక్కనున్న అరోరాలో ఉద్యోగం చేసి తిరిగి వచ్చాను. అక్కడ నేను నడిపింది కూడా పికప్పే కాబట్టి మీ సందేహం నాకు బాగా అర్థమైంది.

ముందుగా చెప్పవలసినది బ్రేకుల గురించి. ఇంజిను బలం నాలుగు చక్రాలకూ అందడం వల్ల రాప్టర్ లాంటి బండి మంచులో ఎంతో సునాయాసంగా కదులుతుంది, చుట్టూ ఉన్న చిన్న కార్లు కూడలి దగ్గర చక్రాలు తిరుగుతూ నిలిచిపోతే మీరు మాత్రం ఇబ్బంది లేకుండా ముందుకు సాగిపోతారు. ఆ సౌకర్యమే కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే బయలుదేరేటప్పుడు రోడ్డు ఎంత జారుడుగా ఉందో బండి మీకు తెలియనివ్వదు. ఆపేటప్పుడు మాత్రం ఆ చిన్న కారుకు ఉన్నట్లే మీకూ నాలుగు చక్రాల బ్రేకులే ఉంటాయి, ఫోర్ వీల్ డ్రైవ్ అక్కడ ఏ సాయమూ చేయదు. డెన్వర్‌లో మంచు కురిసిన ఉదయం రోడ్డు పక్క గుంటల్లోకి జారిపోయిన బండ్లలో పెద్ద పికప్‌లు, ఎస్‌యూవీలు తరచుగా కనిపించడానికి నాకు తోచిన కారణం ఇదే. అందుకని బయలుదేరిన వెంటనే, వెనుక ఎవరూ లేరని చూసుకుని, నెమ్మదిగా వెళ్తూ ఒకసారి బ్రేకు గట్టిగా నొక్కి చూడండి. పెడల్ కింద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) ఎంత త్వరగా అదరడం మొదలుపెడుతుందో దాన్నిబట్టి ఆనాటి రోడ్డు సంగతి తెలిసిపోతుంది.

ఇక మోడ్‌ల విషయం. రాప్టర్‌లో 2హెచ్ (వెనుక రెండు చక్రాలకే బలం), 4ఏ (అవసరాన్నిబట్టి దానంతటదే ఫోర్ వీల్), 4హెచ్ (ఎప్పుడూ నాలుగు చక్రాలకూ), 4ఎల్ (నాలుగు చక్రాలకూ, తక్కువ వేగానికి) అనే ఎంపికలు ఉంటాయి. నగరంలో ఒకచోట మంచు, ఒకచోట తడి, ఇంకొకచోట పొడి తారు కనిపించే రోజుల్లో 4ఏ ఉత్తమం, ఎందుకంటే ముందు చక్రాలకు ఎంత బలం పంపాలో అదే నిర్ణయించుకుంటుంది. రోడ్డంతా మంచు పరుచుకుని ఉన్నప్పుడు 4హెచ్ పెట్టుకోవచ్చు. పొడి తారు మీద 4హెచ్‌లో మలుపులు తిరిగితే ముందు, వెనుక ఇరుసుల వేగాల్లో తేడాకు చోటుండదు కాబట్టి స్టీరింగ్ బిగుసుకుంటుంది, లోపలి గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఇది మీ వీ-క్రాస్‌లో మీరు ఎరిగినదే. డ్రైవింగ్ మోడ్‌లలో స్లిప్పరీ అన్నదాన్ని ఎంచుకోండి. అందులో యాక్సిలరేటర్ స్పందన మెత్తబడుతుంది. 690 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న బండికి జారే రోడ్డు మీద అన్నిటికంటే అవసరమైనది అదే. బాహా మోడ్ ఎడారిలో వేగంగా నడపడానికి ఉద్దేశించినది, దాన్ని ప్రజలు తిరిగే మంచు రోడ్డు మీద ముట్టుకోకండి. క్రూజ్ కంట్రోల్ కూడా వద్దు.

ఐ-70 మీద మోరిసన్, డాట్సెరోల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం అమలులో ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండికైనా టైరు గాడుల లోతు కనీసం 3/16 అంగుళం, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు ఉండాలి. మన దేశంలో అనుమతించే 1.6 మిల్లీమీటర్లతో పోలిస్తే ఇది ఎంత ఎక్కువో చూడండి. అన్నయ్య గారి టైర్లు ఎంత అరిగాయో ఇప్పుడే కొలిపించమని చెప్పండి.

చిన్న విషయమే అయినా మన ఊరి వారికి తట్టనిది ఇంకొకటుంది. అద్దం కడిగే ట్యాంకులో మామూలు నీళ్ళు పోయకూడదు, మైనస్ 29 డిగ్రీల వరకు గడ్డకట్టని ద్రవం అక్కడ ప్రతి పెట్రోలు బంకులోనూ దొరుకుతుంది. రోడ్డు మీద చల్లిన ఉప్పు, బురద కలిసి ముందు అద్దం మీద పడ్డాయంటే ఆ ద్రవం లేకుండా ఏమీ కనబడదు.

భౌతికశాస్త్రం మేష్టారు:

సీతమ్మధార వారు చెప్పిన బ్రేకుల సంగతిని అంకెలలో చూపిస్తే ఇంకా స్పష్టంగా ఉంటుందని రాస్తున్నాను. పొడి తారు రోడ్డుకు, టైరుకు మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.75 అనుకుందాం. బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద అది 0.25 దాకా పడిపోతుంది, ఐసు మీద 0.1 లేదా ఇంకా తక్కువకు దిగిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన క్షణం నుంచి బండి ఆగడానికి తారు మీద దాదాపు 19 మీటర్లు సరిపోతే మంచు మీద 57 మీటర్లు, ఐసు మీద 140 మీటర్లకు పైగా కావాలి. ప్రమాదాన్ని గమనించి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోగా బండి ముందుకు వెళ్ళే 25 మీటర్లు దీనికి అదనం. ఈ లెక్కలో ఇంజిను శక్తి ఎక్కడా కనిపించదు. బరువు కూడా సూత్రంలో రెండు వైపులా ఉండి కొట్టివేతకు గురవుతుంది కాబట్టి, బరువైన బండి రోడ్డును గట్టిగా పట్టుకుని త్వరగా ఆగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

మలుపుల సంగతీ ఇంతే. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును పొడి రోడ్డు మీద గంటకు సుమారు 69 కిలోమీటర్ల దగ్గర పట్టు తప్పకుండా తిరగగలిగితే, మంచు మీద ఆ హద్దు 40, ఐసు మీద 25. ఇవి హద్దులు మాత్రమే. నడపవలసిన వేగం వీటికి చాలా దిగువన ఉండాలి.

చలి ఎక్కువైనకొద్దీ రోడ్డు ఎక్కువ జారుతుందని మన వైపు చాలామంది అనుకుంటారు, నిజానికి ఐసు సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్నప్పుడే అత్యంత ప్రమాదకరం. మైనస్ 15 దగ్గర అది కాస్త గరుకుగా ఉంటుంది, సున్నా దగ్గర పైన పలుచని నీటి పొర ఏర్పడి పట్టు దాదాపు పోతుంది. మధ్యాహ్నం ఎండకు కరిగి సాయంత్రం మళ్ళీ గడ్డకట్టే వేళ కాబట్టి మరింత జాగ్రత్త అవసరం. వంతెనలకు పైనా కిందా రెండు వైపులా చలిగాలి తగులుతుంది, అందుకే నేల మీది రోడ్డు కంటే ముందుగా అవి గడ్డకడతాయి.

టైర్లలో గాలి గురించి ఒక మాట. ఉష్ణోగ్రత 5.6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా పీడనం సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. వెచ్చని గ్యారేజీలో 20 డిగ్రీల వద్ద గాలి కొట్టించిన బండిని బయట మైనస్ 15లో రాత్రంతా నిలిపితే 6 పీఎస్‌ఐ వరకు పోతుంది. మరోవైపు, ఎత్తు పెరిగేకొద్దీ బయటి వాతావరణ పీడనం తగ్గుతుంది కాబట్టి గేజి ఎక్కువ చూపిస్తుంది. సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ నుంచి 3,400 మీటర్ల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగానికి చేరేసరికి ఈ కారణంగా 2 పీఎస్‌ఐకి పైగా పెరుగుతుంది. అందువల్ల కొండ మీద గేజి చూసి గాలి తీయకండి, డెన్వర్‌లో బండి రాత్రంతా బయట నిలిచిన తరువాత తెల్లవారి కొలిచి తలుపు అంచున ముద్రించిన అంకెకు సరిచేసుకోండి.

గాజువాక మాజీ సైనికుడు:

బాబూ, నేను సైన్యంలో డ్రైవరుగా ఉండి శ్రీనగర్–లేహ్ మార్గంలో, జోజిలా మీద, ద్రాస్ వైపు స్టాలియన్ లారీలు నడిపినవాణ్ణి. నువ్వు చెప్పిన అమెరికా బండిని నేను చూడలేదు, కానీ కొండ దిగే పద్ధతి లారీకైనా పికప్‌కైనా ఒకటే కాబట్టి దాని గురించే రాస్తాను.

అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో వేసి, బ్రేకు మీద భారం పడకుండా ఇంజినుతోనే బండిని ఆపుకుంటూ రావడం మన వాళ్ళందరికీ చిన్నప్పటి నుంచి నేర్పిన పద్ధతి, అది మంచిదే. మంచులోనూ ఆ పద్ధతే కావాలి, కానీ ఒక మార్పుతో. టూ వీల్‌లో దిగుతూ గేరు ఒక్కసారిగా తగ్గించావంటే ఇంజిను పట్టు వెనుక చక్రాల మీదే పడుతుంది. ఖాళీ పికప్‌లో వెనుక భాగం తేలికగా ఉంటుంది కాబట్టి ఆ చక్రాలు జారి, బండి వెనుక భాగం పక్కకు తిరిగిపోతుంది. హ్యాండ్ బ్రేకు లాగినట్లే అన్నమాట. అందుచేత దిగుడు మొదలుకాక ముందే, రోడ్డు ఇంకా సమతలంగా ఉన్నప్పుడే ఫోర్ వీల్ వెయ్యి. గేర్లు ఒక్కొక్కటిగా, వేగం తగ్గిన తరువాత తగ్గించుకుంటూ రా. దిగుడు మధ్యలో ఏ మార్పూ చేయకు. నీ బండిలో పది గేర్ల ఆటోమేటిక్ ఉంటుందని మా అబ్బాయి చెప్పాడు, గేరును నీ చేతుల్లోకి తీసుకునే వీలుంటే దాన్ని ముందుగా సమతలం మీద అలవాటు చేసుకో.

ఎక్కేటప్పుడు నీ ముందున్న బండి పూర్తిగా పైకి చేరిందా లేదా చూసుకుని అప్పుడు మొదలుపెట్టు. ఎక్కుడు మధ్యలో ఆగవలసి వస్తే మళ్ళీ కదలడం కష్టం, వెనక్కి జారడం మొదలైతే ఆపడం ఇంకా కష్టం. మేము ఎక్కుడులో బండికి, బండికి మధ్య మామూలు కంటే ఎన్నో రెట్లు ఎడం ఉంచేవాళ్ళం.

చక్రాలకు గొలుసులు కట్టవలసి వస్తే మంచు లోతు పెరిగాక కాదు, పెరగకముందే కట్టాలి. చేతి తొడుగులతో, చీకట్లో కట్టగలిగేలా ఇంటి దగ్గర సాధన చెయ్యి. పెద్ద టైర్లకు, లోపలి సస్పెన్షన్ భాగాలకు మధ్య ఖాళీ తక్కువగా ఉంటుంది కాబట్టి ఏ రకం గొలుసు పడుతుందో, ఏ చక్రాలకు కట్టాలో ఆ బండి పుస్తకంలో చూసి కొనాలి. కట్టాక గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు.

ఇంకొక సంగతి. ఎక్కడైనా మంచులో చిక్కుకుని ఇంజిను నడుపుకుంటూ కూర్చోవలసి వస్తే, దిగి వెనుక పొగ గొట్టం చుట్టూ మంచును పారతో తీసెయ్యి. అది మూసుకుపోతే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. దుప్పటి, పార, నీళ్ళు, సగానికి తగ్గని పెట్రోలు ఎప్పుడూ ఉంచుకో.

ఋషికొండ బాటసారి:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. దిగుడులో ఇంజిను బ్రేకింగ్ గురించి పెద్దాయన చెప్పిన మాట నాకు ఎన్నటికీ తట్టేది కాదు, నేను సరిగ్గా టూ వీల్‌లోనే దిగేవాణ్ణి. ఇంకా కొన్ని సందేహాలు మిగిలాయి. వెనుక భాగం తేలిక అన్నారు కాబట్టి తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకోవడం మంచిదేనా? ఇసుకలో నేను టైర్ల గాలి తగ్గించి, వెనుక డిఫరెన్షియల్ లాక్ (రెండు వెనుక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది) వేసి, వేగం తగ్గనివ్వకుండా నడిపిస్తాను. మంచులోనూ అలాగే చేయవచ్చా?

ఆటోనగర్ ఫోర్ బై ఫోర్:

వృత్తిరీత్యా నేను పికప్‌లకు సస్పెన్షన్, టైర్ల పని చేస్తాను. మన దగ్గరి నుంచి జనవరిలో మనాలి, స్పితి వెళ్ళే బండ్లను సిద్ధం చేసి పంపుతుంటాను కూడా.

ఇసుక బస్తాలు వేసుకోవచ్చు, కానీ ఎక్కడ వేస్తారన్నది ముఖ్యం. వెనుక ఇరుసుకు సరిగ్గా పైన గాని, దానికి కాస్త ముందు గాని 150 కిలోల దాకా పెట్టి కదలకుండా కట్టాలి. తొట్టి తలుపు దగ్గర వెనకగా పెడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ పట్టు పోతుంది. కట్టకుండా వదిలితే గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ముందుకు దూసుకువస్తాయి. అయితే మేష్టారు గారు చెప్పినట్లు బరువు పెరిగినంత మాత్రాన ఆగే దూరం తగ్గదు, వెనుక చక్రాలు తిరుగుతూ నిలిచిపోకుండా ఉండడానికే ఇది పనికొస్తుంది. రాప్టర్‌ను మీరు 4ఏలో గాని, 4హెచ్‌లో గాని నడిపేటట్లయితే ఈ బస్తాల అవసరం అంతగా ఉండదని నా అభిప్రాయం.

ఇసుక పద్ధతి మంచుకు పనికిరాదు. ఇసుకలో కాలు తీస్తే ఇసుకే బండిని ఆపేస్తుంది, అందుకే వేగం నిలబెట్టుకోమంటాం. తొక్కి గట్టిపడిన మంచులో కాలు తీసినా బండి అలా పోతూనే ఉంటుంది. దారిలో మోకాటి లోతు కొత్త మంచు ఉంటే అది వేరు సంగతి, అక్కడ మీ ఇసుక అనుభవం కొంత అక్కరకు వస్తుంది, కానీ అలాంటి చోటికి మొదటి శీతాకాలంలో వెళ్ళకండి. రోడ్డు మీద టైర్ల గాలి తగ్గించవద్దు. వెనుక లాక్ కూరుకుపోయిన చోటు నుంచి తిన్నగా బయటికి రావడానికి మాత్రమే. దాన్ని వేసుకుని మలుపు తిరిగితే రెండు వెనుక చక్రాలూ ఒకే వేగంతో తిరగవలసి వచ్చి, ఒకటి జారి, వెనుక భాగం మొత్తాన్ని పక్కకు లాగుతుంది.

టైర్ల విషయంలో మాత్రం ఖర్చు అనవసరం అంటాను. కేఓ2 పక్కగోడ మీద మూడు శిఖరాల మధ్య మంచు నక్షత్రం గుర్తు ఉంటుంది. అది వట్టి ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని సూచించే) గుర్తు కాదు, మంచులో పరీక్ష పెట్టి ఇచ్చేది. గాడులు లోతుగా ఉంటే ఆ టైర్లతో డెన్వర్ శీతాకాలం గడపవచ్చు.

సీతమ్మధార వాసి:

ఆటోనగర్ వారి మిగతా సలహాలన్నిటితో ఏకీభవిస్తున్నాను గాని టైర్ల విషయంలో గౌరవంగా విభేదిస్తున్నాను. ఆ మంచు నక్షత్రం గుర్తు కోసం చేసే అమెరికా పరీక్ష ఒక మోస్తరుగా తొక్కిన మంచు మీద టైరు బండిని ముందుకు లాగే పట్టును కొలుస్తుంది. ఐసు మీద బ్రేకు పట్టడాన్ని, మలుపు తిరగడాన్ని అది కొలవదు. మీ రాప్టర్‌కు ముందుకు లాగే పట్టు ఎలాగూ సమృద్ధిగా ఉంది. కొరత ఉన్నది ఆగడంలో, తిరగడంలో. సరిగ్గా ఆ రెండింటిలోనే అసలైన శీతాకాలపు టైర్లకు, ఆల్ టెరైన్ టైర్లకు తేడా తెలుస్తుంది. రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే దిగువన గట్టిపడకుండా ఉండేలా వాటిని తయారుచేస్తారు, పైగా వాటి దిమ్మెల మీద వందల కొద్దీ సన్నని చీలికలు ఉంటాయి. రాళ్ళను తట్టుకోవాలని గట్టిగా చేసిన ఆల్ టెరైన్ టైరు ఐసు మీద ఆ పని చేయలేదు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లను చట్టప్రకారం తప్పనిసరి చేసిందంటే, ఆ నిర్ణయం ఊరికే తీసుకున్నది కాదు.

మీరు నగరంలోనే తిరిగేటట్లయితే, మంచు కురిసిన రోజు ఇంటి నుంచి పనిచేసుకునే వెసులుబాటు ఉంటే, కేఓ2తో సరిపెట్టుకోమనే నేనూ అనేదాన్ని. మీరు ఐ-70 మీద సొరంగం దాటి తరచుగా వెళ్తానంటున్నారు కాబట్టి మాత్రమే ఇంత గట్టిగా చెప్తున్నాను. అక్కడ సొరంగానికి రెండు వైపులా మైళ్ళ కొద్దీ నిటారు దిగుళ్ళు ఉన్నాయి, మీ పక్కనే భారీ ట్రక్కులు గొలుసులు కట్టుకుని దిగుతుంటాయి.

ఆటోనగర్ ఫోర్ బై ఫోర్:

ఐసు మీద బ్రేకు పట్టడం గురించి మీరు చెప్పిన మాట సబబే. కొండ దారిలో తరచుగా తిరిగే వారికి వేరే టైర్లు ఉండడం మంచిదని ఒప్పుకుంటాను. అలా అయితే బాటసారి గారూ, 17 అంగుళాల రిమ్ములు కూడా వేరుగా నాలుగు తీసుకుని శీతాకాలపు టైర్లను వాటికే ఎక్కించి ఉంచండి. ప్రతి ఏడాదీ టైరు విప్పి ఎక్కించే పని తప్పుతుంది, అంచులు దెబ్బతినవు. కంపెనీ అనుమతించిన కొలతల్లో కాస్త సన్నని టైరు దొరికితే మరీ మంచిది, వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్ననిది దాన్ని కోసుకుని కింది రోడ్డును అందుకుంటుంది.

ఋషికొండ బాటసారి:

నిన్న రాత్రి అన్నయ్యతో మాట్లాడాను. కేఓ2 గాడులు కొలిపిస్తే చట్టం అడిగే లోతు కంటే కొంచెమే ఎక్కువ మిగిలిందని తేలింది, అందువల్ల వేరే రిమ్ములతో శీతాకాలపు టైర్లు తీసుకోవడానికి తనూ ఒప్పుకున్నాడు. నేను వెళ్ళాక తీసుకుంటే చాలునా?

సీతమ్మధార వాసి:

వద్దండి, అన్నయ్య గారు బయలుదేరక ముందే, అక్టోబరులోనే వేయించేయమని చెప్పండి. తొలి మంచు కురిసిన వారంలో టైర్ల దుకాణాల దగ్గర బారులు తీరతారు, పెద్ద పికప్ కొలతలు ముందుగా అయిపోతాయి. మీరు చేరిన తరువాత తొలి మంచు పడిన ఆదివారం ఉదయం ఏదైనా ఖాళీ పార్కింగ్ స్థలానికి, యజమాని అనుమతి తీసుకుని, బండిని తీసుకెళ్ళండి. గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, ముందు టూ వీల్‌లో, తరువాత 4హెచ్‌లో బ్రేకు పట్టి ఆగే దూరాలను పోల్చి చూసుకోండి. తరువాత వెనుక భాగం కావాలని జారేలా చేసి, బ్రేకు ముట్టుకోకుండా కాలు మెల్లగా తీసి, వెళ్ళవలసిన వైపు చూస్తూ స్టీరింగ్ తిప్పి సరిచేసుకోవడం అలవాటు చేసుకోండి. దాదాపు 2.2 మీటర్ల వెడల్పున్న బండి కాబట్టి దీపస్తంభాలు లేని మూల చూసుకోండి. ఎడమ చేతి స్టీరింగు, కుడి వైపు ప్రయాణం కూడా మీకు కొత్తే కదా, అందుకని ఐ-70 ఎక్కడానికి ముందు పొడి రోడ్డు మీద కొన్ని వారాలు నగరంలో తిరగండి.